ఆగ్నేయం వైపు ఖాళీ

మార్చి 3, సోమవారం

సరిపోయింది. రెండు శాతం తేడా, అంతే.

గ్యాస్ ప్లాంటు వాళ్ళు ఏడాదికి ఇంత మీథేన్ గాలిలోకి పోతోందని రాసిచ్చారు. మేం మా టవరు పీల్చిన గాలిని బట్టి విడిగా లెక్క కట్టాం. అంతే వచ్చింది. "నేల మీద వాళ్ళు చెప్పిన మాటకి ఆకాశం సాక్ష్యం చెప్పింది" అన్నారు సార్. ఆయన ఇలా మాట్లాడటం ఈ మూడేళ్ళలో ఎప్పుడూ వినలేదు.

గాలి కొలిచే ఈ స్టేషన్‌లో ఉండేది ముగ్గురమే. సార్, నేను, టవరెక్కి దిగే పిన్ని. ఆవిడ ఎవరికీ పిన్ని కాదు, అందరూ అలాగే పిలుస్తారు. ముగ్గురం టీ తాగాం. నా కప్పులో సార్ తనే రెండు చెంచాల చక్కెర వేశారు. నేను చక్కెర వేసుకోను. తాగేశాను.

ఇంటికొచ్చి బావకి చెప్పాను. ప్లాంటు తరఫున ఆ లెక్క కట్టి సంతకం పెట్టేది ఆయనే.

"చూశావా మరదలా! నేను కుర్చీలో కూచుని కట్టిన లెక్కే మీ టవరూ కట్టింది. ఇక దాన్ని పీకేసి అక్కడ దండెం కట్టుకోండి, దుప్పట్లు ఆరేసుకోవచ్చు."

అక్క నవ్వింది. నేనూ నవ్వాను. మంచి రోజు.

మార్చి 6

రిపోర్టు అట్ట మీదికి గాలి బొమ్మ ఒకటి గీయమన్నారు సార్. గడియారంలా గుండ్రంగా ఉంటుంది. గాలి ఏ వైపు నుంచి వస్తే ఆ వైపున ఒక చుక్క. మీథేన్ ఎక్కువైతే చుక్క అంచుకి జరుగుతుంది. ఏడాది చుక్కలన్నీ పడితే అందంగా ఉంటుంది, పుప్పొడి చల్లినట్టు.

ఆగ్నేయం వైపు ఒక్క చుక్కా లేదు. కేకులో ముక్క కోసి తీసినట్టు ఖాళీ.

గీయడంలో ఏదో పొరపాటు చేసి ఉంటాను. రేపు చూస్తాను.

మార్చి 7

చూడలేదు. తలనొప్పి.

మార్చి 10

పొరపాటు కాదు.

మా స్టేషన్ కట్టింది దూరపు గాలి కొలవడానికి. సముద్రాలూ కొండలూ దాటి కలిసిపోయి వచ్చే గాలి. దగ్గర్లో లారీ వెళ్ళినా, ఎవరైనా ఆకులు తగలబెట్టినా గీత ఉన్నట్టుండి పైకి లేస్తుంది. అది దూరపు గాలి కాదు, చుట్టుపక్కల మురికి. దానికి ఎర్ర గుర్తు పెట్టి లెక్కలోంచి తప్పించాలి. ఆ పని నాది. పొద్దున్నే వచ్చి నిన్నటి గీత చూసి, లేచిన చోటల్లా గుర్తు పెడతాను, కలుపు తీసినట్టు. నా చెయ్యి మంచిదంటారు సార్.

ప్లాంటు ఉన్నది ఆగ్నేయంలో.

ప్లాంటు ఎంత వదులుతోందో తెలుసుకోవాలని కూర్చుని, ప్లాంటు వైపు నుంచి వచ్చిన గాలినంతా మురికని తీసేశాం. పైగా ఈ లెక్క ప్లాంటు వాళ్ళిచ్చిన అంకెతోనే మొదలవుతుంది. దాన్ని గాలి సరిదిద్దాలి. సరిదిద్దాల్సిన గాలిని నేనే తీసేశాను గనక వాళ్ళ అంకె వాళ్ళకే తిరిగొచ్చింది. అద్దంలో చూసుకుని, ఎదుటివాడు అచ్చం నాలాగే ఉన్నాడని మురిసినట్టు.

ముగ్గురం టీ కూడా తాగాం.

మార్చి 11

ఎర్ర గుర్తులు లెక్కపెట్టాను. ఆగ్నేయం వైపువి నాలుగు వందల పన్నెండు గంటలు. ఒక్కో గుర్తు పక్కన నా పొడి అక్షరాలు.

స్కూల్లో సిస్టర్ రోజూ సాయంత్రం ఆ రోజు చేసిన తప్పొకటి రాయమనేది. నాకు తప్పు చేసే ధైర్యం లేక, రాయడానికేమీ దొరక్క కల్పించి రాసేదాన్ని. పక్కమ్మాయి పెన్సిల్ తీశానని. ప్రార్థనలో నవ్వానని. ఇన్నాళ్ళకి నిజమైనది దొరికింది.

రేపు సార్‌కి చెప్తాను.

మార్చి 12

చెప్పలేదు. గొంతు బాగాలేదు.

మార్చి 13

గొంతు బాగానే ఉంది. సార్ తీరిగ్గా లేరు.

మార్చి 14

తీరిగ్గానే ఉన్నారు. కిటికీ దగ్గర నిలబడి నారింజ ఒలుచుకుంటున్నారు. తలుపు దాకా వెళ్ళి, ఫైలు కోసం వచ్చినట్టు ఫైలు తీసుకుని వచ్చేశాను. ఆ ఫైలుతో నాకు పనిలేదు.

మార్చి 17

కాగితం మీద రాసి బల్ల మీద పెట్టాను. నోటికి రానిది చేతికొస్తుంది నాకు.

సార్ అది రెండుసార్లు చదివి నన్ను పిలిచారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"నువ్వు చెప్పింది నాకు అర్థమైందమ్మా. కానీ ఇది దూరపు గాలి స్టేషన్. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ గీతలో ఒక్క మరక పడనివ్వలేదు నేను. నువ్వు పుట్టక ముందు నుంచి."

"దూరపు గాలికైతే మన గీత సరైందే సార్. ప్లాంటుని సరిచూడ్డానికి పనికిరాదు."

"ఆ వైపు ఊరి చెత్తదిబ్బ కూడా ఉంది. కుళ్ళిన చెత్తలోంచి మీథేన్ రాదా? నీ నాలుగు వందల గంటలూ దిబ్బవి కావని నువ్వు చెప్పగలవా?"

చెప్పలేను.

"రిపోర్టు పైకి వెళ్ళిపోయింది. నాకింక ఎనిమిది నెలల సర్వీసుంది" అన్నారు. రెండూ ఒకే మాటలా అన్నారు.

బయటికొస్తే పిన్ని గుమ్మంలోనే ఉంది. తాడు చుడుతున్నట్టు నటిస్తోంది.

"విన్నాలే. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. ఇంతకీ దిబ్బ గాలికీ ప్లాంటు గాలికీ తేడా తెలీదా మీ చదువుల్లో?"

తెలుస్తుంది. ఆ మాట గదిలో ఎందుకు గుర్తుకు రాలేదో!

మార్చి 18

చెత్తలో ఈథేన్ పుట్టదు. భూమి లోపల్నుంచి తీసిన గ్యాసులో మీథేన్ వెంట ఈథేన్ కూడా ఉంటుంది, తోడబుట్టినట్టు. గాలిని సీసాల్లో పట్టి పెద్ద ల్యాబుకి పంపితే రెండూ కొలుస్తారు. దిబ్బ పక్కన ఆరు సీసాలు, ప్లాంటు కంచె పక్కన ఆరు. అంతే.

సీసాలు బీరువాలో ఉన్నాయి. బీరువా తాళం సార్ దగ్గర.

మార్చి 19

పిన్ని దగ్గర కూడా ఉంది.

మార్చి 21

పిన్ని స్కూటరు మీద వెళ్ళాం. వెనక నేను, నా ఒళ్ళో సీసాల పెట్టె. గుంత వచ్చినప్పుడల్లా "పట్టుకో, పట్టుకో, గాలి పారిపోతుంది" అని కేకలు. ఖాళీ సీసాలే అప్పటికి.

దిబ్బ దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. ముక్కు మూసుకుని పనిచేసేవాళ్ళకి మనల్ని చూసే ఓపిక ఉండదు.

ప్లాంటు కంచె పక్కన రోడ్డు మీద నిలబడ్డాం. గాలి ప్లాంటు మీదుగా మా మొహం మీదికే వస్తోంది. సీసా మూత తిప్పేముందు ఊపిరి బిగబట్టి గాలికి ఎదురు నడవాలి. లేకపోతే మనం వదిలిన ఊపిరే సీసాలో పడుతుంది. ఆ పని నాకు బాగా వచ్చు. క్లాసులో టీచరు ఎవరిని లేపుదామా అని చూసేటప్పుడల్లా అదే చేసేదాన్ని.

నాలుగో సీసాకి కాపలాదారు వచ్చాడు.

"ఏంటమ్మా, ఏం చేస్తున్నారిక్కడ?"

నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను. బిగబట్టకపోయినా నోరు లేచేది కాదు. పిన్ని అందుకుంది.

"గాలి పడుతున్నాం నాయనా."

"ప్లాంటు గాలి పట్టకూడదండీ. పర్మిషన్ కావాలి."

"మీ గాలెందుకు మాకు? ఇది రోడ్డు. రోడ్డున పోయే గాలి. మీదైతే లోపలే ఉంచుకోకపోయారా, మేం వద్దన్నామా?"

అతను కంచె వైపు చూసి, మా వైపు చూసి, రిజిస్టర్లో ఏం రాసుకోవాలో తెలీక వెళ్ళిపోయాడు.

దార్లో నవ్వు ఆగలేదు. పెట్టె కదులుతోందని పిన్ని తిట్టింది.

మార్చి 24

ఆ నాలుగు వందల పన్నెండు గంటలూ వెనక్కి తెచ్చాను. మా పద్ధతిలో ఏ అంకెనీ చెరపరు, గుర్తు మాత్రం పెడతారు. కింద అంకె అలాగే ఉంటుంది. గుర్తు తీసేస్తే లేచొస్తుంది. ఒక్కొక్కటే తీశాను. తీసిన ప్రతిదాని పక్కనా తేదీ, కారణం, నా పొడి అక్షరాలు.

మళ్ళీ లెక్క కట్టాను. ప్లాంటు చెప్పినదానికి నాలుగు రెట్లు.

నాలుగున్నర. నాలుగు అనుకుందాం.

మార్చి 25

నాలుగున్నరే.

ఏప్రిల్ 4

ల్యాబు నుంచి వచ్చింది. దిబ్బ సీసాల్లో ఈథేన్ మామూలుగానే ఉంది. ప్లాంటు సీసాలు ఆరింటిలోనూ మీథేన్ ఎంత పెరిగితే ఈథేన్ అంతకు తగ్గట్టు పెరిగింది. ఆరు చుక్కలూ ఒకే గీత మీద నిలబడ్డాయి, అసెంబ్లీలో పిల్లల్లా.

సార్ బల్ల మీద పెట్టాను. ఈసారి కాగితం పెట్టి పారిపోలేదు. నిలబడ్డాను.

సార్ చాలాసేపు చూశారు. "తాళం ఎవరిచ్చారు?" అన్నారు.

అంత చూసి, అడిగింది అది.

"నేనే తీసుకున్నాను సార్."

ఇది కల్పించి రాసిన తప్పుల కోవలోదే. కానీ ఈసారి గర్వంగా ఉంది.

ఏప్రిల్ 6, ఆదివారం

బావకి ఎలా చెప్పాలి?

ఈ ఇంట్లో మూడేళ్ళుగా ఉంటున్నాను. ప్లాంటు క్వార్టర్సు. ఈ గది, ఈ మంచం, కిటికీ కింద నా పుస్తకాల వరస. చిన్న అలమర బావే చేయించాడు, "మరదలి బుర్ర బయట కూడా కొంచెం పెట్టాలి, లోపల చోటు చాలట్లేదు" అంటూ. లెక్క తప్పని తేలితే ప్లాంటు ఎవరి పేరు చెబుతుంది? సంతకం పెట్టినవాడి పేరు.

అందుకే ముందు ఆయనకే చూపించాల్సింది. సార్‌కి కాదు, పైవాళ్ళకి కాదు. వరస తప్పింది నేనే.

సాయంత్రం చూపించాను.

బావ మొదట ఎగతాళి చేశాడు. "మీ టవరుకి జలుబు చేసిందేమో చూడండి." తర్వాత చెయ్యి చాపి కాగితం దగ్గరికి లాక్కున్నాడు. రెండేళ్ళ గీత అది. పోయిన ఏడాది జనవరి మూడో వారం దాకా కాస్త ఎత్తు. ఆ వారం నుంచి మెట్టెక్కినట్టు పైకి. మళ్ళీ దిగలేదు.

ఆ మెట్టు మీద వేలు పెట్టి కూర్చున్నాడు.

"మూడో షెడ్డు" అన్నాడు చివరికి.

ఆ వారమే మూడో షెడ్డులో గ్యాసుని నొక్కి పంపే పాత మిషను బిగించారట. వేరే చోట వాడి తెచ్చింది.

"నేను అబద్ధం రాయలేదు. పట్టిక ఉంటుంది. ఒక్కో వాల్వుకి ఇంత, ఒక్కో మిషనుకి ఇంత అని. అన్నీ లెక్కపెట్టి గుణించాను. మిషను కొత్తదా పాతదా, కారుతోందా లేదా అని పట్టిక అడగదు."

"తెలుసు బావా."

"తెలిస్తే ఇదెందుకు?"

అప్పుడు అక్క వంటింట్లోంచి వచ్చింది. మొత్తం విన్నట్టుంది.

"ఏమే, తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావా? మూడేళ్ళు కంచం ముందు పెట్టి, ఇది తిను అది తిను అని బతిమాలింది ఇందుకా?"

"వాసాలు కాదక్కా. గాలి."

ఎందుకన్నానో ఆ మాట. అన్నది నిజమే. కానీ అక్క మొహం చూడలేకపోయాను.

"మాట్లాడదు మాట్లాడదు అనుకుంటే మాట్లాడిందమ్మా మహాతల్లి! రేప్పొద్దున్న ఆయన్ని తీసేస్తే ఈ ఇల్లు ఖాళీ చేసి నీ టవరెక్కి కూచుంటాం అందరం. కాస్త చోటుంచు."

బావ కాగితం మడిచి నాకు తిరిగిచ్చాడు. నాలుగు మడతలు, అంచులు కలిసేలా. ఆయన కోపంలో ఉన్నా అంచులు కలుపుతాడు.

ఏప్రిల్ 8

లేడీస్ హాస్టల్. పై అంతస్తు. కిటికీ వాయవ్యం వైపు ఉంది, ప్లాంటు కనపడదు. ఎవరూ పొమ్మనలేదు. నేనే వచ్చాను.

నాకు బాధగా లేదు.

ఏప్రిల్ 9

పుస్తకాల అలమర అక్కడే ఉండిపోయింది. చిన్నదే. అయినా తేలేదు.

ఏప్రిల్ 11

సార్ కొత్త షీటు ముందు పెట్టారు. గుర్తులన్నీ మళ్ళీ పెట్టేశారు, ఆయన చేత్తో. అడుగున "పరిశీలించి ధ్రువీకరించినవారు" అని నా పేరు. సంతకం ఖాళీ.

"పై ఆఫీసు నుంచి మేడమ్ వస్తోంది ఇరవై రెండున, రిపోర్టు చూడ్డానికి. ప్లాంటు వాళ్ళు కూడా వస్తారు. అప్పటికి షీటు ఒకటే ఉండాలి. రెండుంటే స్టేషన్ పరువేం కావాలి?"

"మొదటిది తప్పని రాసేద్దాం సార్. మనమే రాస్తే పరువు పోదు."

ఇంత పొడుగు మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. మాట తడబడలేదు.

"నీ కాంట్రాక్టు ఏప్రిల్ ముప్ఫైతో అయిపోతుంది, గుర్తుందా?"

"ఉంది సార్."

"సంతకం?"

"పెట్టను సార్."

పెన్ను మూత పెట్టి ఆయన ముందుకి జరిపాను. ఆయన పెన్నే.

ఏప్రిల్ 12

పెట్టను.

ఏప్రిల్ 14

నా కంప్యూటర్ పాస్‌వర్డ్ మార్చారు. రోజంతా కూర్చుని నవల చదివాను. పిన్ని వచ్చి, "బాగుందమ్మా, జీతమిచ్చి చదివిస్తున్నారు" అంది. పోతూ పోతూ బల్ల మీద ఒక కవరు పెట్టింది. నా షీటు మొత్తం, నాలుగు వందల పన్నెండు వరసలూ, కాగితం మీద అచ్చు వేసి ఉన్నాయి. ఎప్పుడు తీసిందో అడగలేదు. టవరెక్కేవాళ్ళకి కిందివి బాగా కనపడతాయి.

ఏప్రిల్ 17

అక్క ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. నేనెందుకు చేయాలి?

ఏప్రిల్ 18

చేశాను. ఎత్తలేదు.

ఏప్రిల్ 22, మంగళవారం

మొత్తం రాయాలి. వరసగా.

సమావేశం మా స్టేషన్‌లోనే. గదిలో ఐదుగురం. పై ఆఫీసు మేడమ్, సార్, ప్లాంటు మేనేజరు, బావ, నేను. మేడమ్‌కి యాభై ఏళ్ళుంటాయి. చెప్పులు విప్పి కాళ్ళు కుర్చీ కింద పెట్టుకుని కాగితాలు చదువుతుంది. నన్ను పిలవలేదు నిజానికి. టీ ట్రే పిన్ని చేతిలోంచి తీసుకుని నేనే లోపలికెళ్ళాను. ట్రే కింద కవరు, అందులో ల్యాబు కాగితం కూడా. టీ ఇచ్చి కవరు మేడమ్ ముందు పెట్టి, బయటికి వెళ్ళకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కుర్చీ పెద్ద చప్పుడు చేసింది. అందరూ చూశారు. నేను బావ వైపు చూడలేదు.

మేడమ్ రెండు షీట్లూ పక్కపక్కన పెట్టుకుంది.

"ఈ గుర్తులు పెట్టిందెవరు?"

"నేనే."

"కాస్త గట్టిగా చెప్పమ్మా."

"నేనే పెట్టాను, మేడమ్."

"మరి తీసిందెవరు?"

"నేనే."

మేనేజరు పక్కకి తిరిగి నవ్వాడు. "ఈ చేత్తో పెట్టి ఆ చేత్తో తీస్తే ఏది నమ్మాలండీ?"

మేడమ్ నవ్వలేదు. "ఆయన అడిగింది నేనూ అడుగుతున్నా. ఏది నమ్మాలి?"

"పెట్టినప్పుడు నేర్పినట్టు పెట్టాను. తీసినప్పుడు చూసి తీశాను."

సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు.

అప్పుడు మేనేజరు ముందుకి వంగాడు. "మేడమ్, ఒక విషయం మీకు తెలియాలి. ఈ అమ్మాయి మా ఇంజనీరు గారి మరదలు. మొన్నటి దాకా వాళ్ళింట్లోనే ఉంది. ఇంట్లో ఏదో గొడవపడి హాస్టల్‌కి వెళ్ళిపోయింది. తర్వాత ఈ నాలుగు రెట్లు వచ్చింది. సీసాలు పట్టిందీ ఈవిడే, గుర్తులు తీసిందీ ఈవిడే. ఇది గాలి లెక్కా, ఇంటి లెక్కా?"

అతను వరస తిరగేసి చెప్పాడు గానీ, ముక్కలన్నీ నిజమే. మరదలినే. హాస్టల్లోనే. సీసాలు నేనే.

బావ తల దించుకుని ఉన్నాడు. ఒక్క మాట చాలు ఆయన అనడానికి: గొడవ తర్వాత లెక్క కాదు, లెక్క తర్వాత గొడవ అని. అనలేదు.

నేను లేచి నిలబడ్డాను. స్కూల్లో జవాబు చెప్పాలంటే నిలబడాలి. అలవాటు పోలేదు.

"ఆయన అన్నది నిజమే మేడమ్. నన్ను నమ్మొద్దు. నా సీసాలు పక్కన పెట్టేయండి. కొత్తవి పట్టించండి. నేను ముట్టుకోను. ప్లాంటు వాళ్ళనే పట్టమనండి, వాళ్ళ మనిషి, వాళ్ళ చేత్తో, వాళ్ళ కంచె లోపలే. ల్యాబు కూడా మీరే చూసుకోండి. నేను మరదలినైతే గాలి ఎవరికీ మరదలు కాదు కదా."

చివరి మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు. తలుపవతల పిన్ని దగ్గడం వినిపించింది. దగ్గు కాదది.

మేడమ్ పెన్ను తీసుకుంది. "మేనేజరు గారూ, మీకేమైనా అభ్యంతరమా?"

అభ్యంతరమని ఎలా అంటాడు? "మా ఇంజనీరు గారే పడతారు" అన్నాడు. బావ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వేసిన తీరు నాకు నచ్చలేదు.

తేదీ ఇరవై తొమ్మిది.

ఏప్రిల్ 23

బావే పడతాడు.

ఎక్కడ నిలబడితే శుభ్రమైన గాలి దొరుకుతుందో ఆ ప్లాంటులో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలీదు. గేటు దగ్గర నిలబడితే చాలు. గేటు గాలి వచ్చే వైపున ఉంది. అక్కడికి వచ్చేసరికి గాలి ఇంకా ఏ షెడ్డునీ దాటి ఉండదు. పన్నెండు సీసాల శుభ్రమైన గాలి, స్వయంగా ప్లాంటు మనిషి పట్టింది. తర్వాత నా షీటు ఏమవుతుంది? నా మాటలతో నా గొయ్యి నేనే తవ్వుకున్నట్టయింది.

అయినా మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అంటాను.

ఏప్రిల్ 26

పిన్ని అడిగింది, "మీ బావకి ఒక మాట చెప్పి చూడకూడదా?" అని.

చెప్పను. చెప్పి పట్టించిన గాలి నాకక్కర్లేదు.

ఏప్రిల్ 27

అక్క ఫోన్ చేసింది.

"ఆయన తిండి సరిగా తినట్లేదు. నిన్న మూడో షెడ్డు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడట, పక్కింటావిడ చెప్పింది. అడిగితే చెప్పడు. నువ్వేమైనా అన్నావా?"

"లేదక్కా. మాట్లాడలేదు."

"మరి మాట్లాడచ్చుగా!"

"తిన్నింటి వాసాలన్నది నువ్వే కదా."

"నేను వంద అంటాను. అన్నీ వింటావా?" కాస్త ఆగింది. "హాస్టల్లో తింటున్నావా?"

"తింటున్నా."

"ఏం తింటావులే" అని పెట్టేసింది.

ఏప్రిల్ 29, మంగళవారం

నేను కంచె బయటే ఉండాలని షరతు. నేనే పెట్టుకున్న షరతు. రోడ్డు మీద, మొన్న సీసాలు పట్టిన చోటే, పిన్ని స్కూటరు పక్కన నిలబడ్డాను. కంచె తీగల్లోంచి అంతా కనపడుతోంది. గాలి ఆగ్నేయం నుంచి నిలకడగా ఉంది.

లోపల నలుగురు. మేడమ్, సార్, మేనేజరు, పెట్టె మోస్తూ బావ. గేటు దాటగానే మేనేజరు ఆగాడు. ఇంత దూరం వినపడేలా మాట్లాడతాడతను.

"ఇక్కడ తీసేద్దాం. నీడగా ఉంది. మేడమ్ ఎండలో నడవక్కర్లేదు."

ఎక్కడ పట్టాలో మేడమ్ చెప్పకూడదు. సార్ నేల చూస్తున్నారు.

బావ పెట్టె కింద పెట్టాడు. మూత తీస్తాడనుకున్నాను. కానీ వంగి దారి పక్కన ఎండు గడ్డి పిడికెడు పీకి, చెయ్యెత్తి వదిలాడు. గడ్డి పరకలు గేటు వైపు నుంచి ఆయన్ని దాటి లోపలికి, షెడ్ల వైపు ఎగిరిపోయాయి.

"ఇక్కడ గాలి మన ప్లాంటుది కాదు సార్. బయటి పొలాల మీదుగా వస్తోంది. ఇక్కడ పడితే పొలాల లెక్క తేలుతుంది."

"ఏదో ఒకటి లెండి. పట్టేయండి."

"మీరు పట్టమన్నది మన లెక్క కదా."

పెట్టె ఎత్తుకున్నాడు. ఆఫీసు దాటాడు. మొదటి షెడ్డు దాటాడు. రెండోది దాటాడు. మేనేజరు వెనకాలే గబగబా నడుస్తూ ఏదో అంటున్నాడు, వినపడలేదు. మేడమ్ చెప్పులు చేత పట్టుకుని వాళ్ళ వెనక వెళ్తోంది. మూడో షెడ్డు పక్కన మలుపు తిరిగి, షెడ్డుకీ కంచెకీ మధ్య, గాలి షెడ్డు మీదుగా దిగే చోట బావ ఆగాడు. నాకు ముప్ఫై అడుగుల దూరంలో, కంచె అవతల. గాలి ఆయన మీదుగా నా మొహానికి తగులుతోంది.

"ఆ మిషను ఆపించమంటారా? ఇంత చప్పుళ్ళో ఎలా?" అన్నాడు మేనేజరు.

"మూడో షెడ్డు ఆపితే ఊరంతా పొయ్యిలు ఆరిపోతాయి సార్. నడవనివ్వండి. నడుస్తుండగానే కదా కొలవాలి."

పన్నెండు సీసాలు. ఒక్కోదానికీ తేదీ, సమయం, గాలి దిక్కు రాశాడు, పట్టిన చోటు రాశాడు. "మూడో షెడ్డు వెనక" అని పన్నెండుసార్లు రాసి ఉంటాడు. ప్రతి దాని మీదా సంతకం పెట్టాడు. నెమ్మదిగా, పూర్తి సంతకం. పొడి అక్షరాలు కాదు.

నా వైపు ఒక్కసారీ చూడలేదు. నేను ఆశించలేదు కూడా.

ఆశించాను.

పిన్ని నా భుజం పట్టుకుంది. "ఏడుస్తున్నావా?"

"లేదు. గాలి."

"ఆఁ, గాలే" అంది.

ఏప్రిల్ 30

చివరి రోజు. సార్ నా కుర్చీ దాకా వచ్చారు. ఎప్పుడూ రాలేదు అలా.

"ముప్ఫై ఒక్క ఏళ్ళ గుర్తులు మళ్ళీ చూడాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగారు.

"ఇద్దరైతే ఏడాది, సార్."

"ఒక్కడైతే?"

జవాబు ఆయనకి తెలుసు. పాస్‌వర్డ్ రాసిన చీటీ నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. కాంట్రాక్టు గురించి ఏమీ అనలేదు. నేను అడగలేదు. చీటీ పర్సులో పెట్టుకున్నాను.

సాయంత్రం హాస్టల్ కింద అక్క. చేతిలో టిఫిన్ డబ్బా.

"ఆయన్ని రేపు హెడ్డాఫీసుకి పిలిచారు. ఏమంటారో తెలీదు. తీసేస్తారేమో కూడా." డబ్బా నా చేతిలో పెట్టింది. "ఇది తెచ్చానని నేను నీతో మాట్లాడుతున్నట్టు కాదు. ఆయన పంపాడు. అడగమన్నాడు, ఫలితాలు ఎప్పుడొస్తాయని."

"పన్నెండు రోజులు."

"అన్ని రోజులా! ఆయన ఈలోపు పిచ్చివాడైపోతాడే. నీకు భయం లేదూ?"

"లేదక్కా. ఎక్కడ నిలబడి పట్టాడో చూశాను."

అక్క నన్ను కిందినుంచి పైదాకా చూసింది. డబ్బా మూత సరిగా ఉందా అని నొక్కి చూసి, వెళ్ళిపోయింది.

పన్నెండు రోజులు. నాకేం తొందర లేదు.